స్పానిష్ మాట వినగానే ఏ దేశం మనిషో పట్టుకోవడం ఎలా

స్పానిష్ నేర్చుకుందామని దిగేవాళ్లు చాలామంది అది స్పెయిన్ వాళ్ల భాష అనుకునే మొదలుపెడతారు. స్పెయిన్ జనాభా 5 కోట్లలోపే అండి, ఒక్క మెక్సికోలోనే 13 కోట్ల దాకా ఉన్నారు, మాతృభాషగా మాట్లాడేవాళ్లందర్నీ కలిపితే 50 కోట్లకి దగ్గరగా వస్తుంది. శ్రీకాకుళం మాట, కరీంనగర్ మాట వినగానే మనకి తెలిసిపోతుంది కదా, ఇందులో కూడా అంతే, కాకపోతే ఎక్కడ చెవి పెట్టాలో తెలియాలి.

ముందు థాంక్స్ ఎలా చెప్తున్నారో వినండి. "గ్రాథియాస్" అని నాలుక పళ్ల మధ్య పెట్టి, ఇంగ్లీషు థింక్‌లో లాగా పలికారంటే దాదాపు ఖాయంగా స్పెయిన్, అందులోనూ మధ్య, ఉత్తర ప్రాంతాలు. "గ్రాసియాస్" అంటే లాటిన్ అమెరికా కావచ్చు, లేదా దక్షిణ స్పెయిన్. ఎందుకలా అంటే 1503 నుంచి చాలాకాలం అమెరికా ఖండాలతో స్పెయిన్ వ్యాపారం దాదాపు అంతా దక్షిణ స్పెయిన్‌లోని సెవిల్ రేవు మీదుగానే నడిచింది, మొదట్లో ఓడలెక్కినవాళ్లలో ఆ దక్షిణాది ఆండలూసియా వాళ్లే ఎక్కువ, వాళ్ల నోట్లో ఉన్న "స" సముద్రం దాటి అక్కడ పాతుకుపోయింది.

తర్వాత మాట చివర "స్" ఉందా లేదా చూడండి. "ఇంచుమించు" అనడానికి "మాస్ ఒ మెనోస్" అని పూర్తిగా పలికితే మెక్సికో సిటీ వైపు కావచ్చు, "మా ఒ మెనో" అని మింగేస్తే క్యూబా, పోర్టోరికో, డొమినికన్ రిపబ్లిక్ వైపు అనుకోవచ్చు. అమెరికా ఖండాలకి వెళ్లే ఓడలు దారిలో స్పెయిన్ వాళ్ల కేనరీ దీవుల్లో ఆగేవి, ఇలా "స్" మింగడం అక్కడా అలవాటే, అక్కడివాళ్లు కూడా చాలామంది కరీబియన్‌కి వలస వెళ్లారు, అందుకే బస్సుని ఆ దీవుల్లోనూ, క్యూబాలోనూ "గ్వాగ్వా" అనే అంటారు.

అన్నిటికంటే తేలిగ్గా దొరికేది అర్జెంటీనా మనిషి. "నా పేరు" అనడానికి మెక్సికోలో "మె యామో" అంటే బ్యూనస్ ఐరిస్‌లో "మె శామో" అంటారు, ఆ "శ" ఒక్కసారి వింటే ఇక మర్చిపోరు. "నువ్వు" అనడానికి "తూ" బదులు "వోస్" వాడతారు (ఇది ఉరుగ్వేలో, మధ్య అమెరికాలో కూడా ఉంది కాబట్టి దీని ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకండి). బ్యూనస్ ఐరిస్ ఇటలీ నుంచి లక్షలమంది వచ్చి స్థిరపడిన నగరం, ఆ రాగం మాటలో ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇంకా అనుమానంగా ఉంటే అవకాడోని ఏమంటారో చూడండి. "అగ్వకాతె" అంటే మెక్సికో, కరీబియన్, స్పెయిన్ ఇలా చాలాచోట్ల కావచ్చు, అది మెక్సికోలోని నావాత్ల్ భాష నుంచి వచ్చిన మాట, "పల్తా" అంటే పెరూ, చిలీ, అర్జెంటీనా, అది పెరూ వైపు కొండల్లోని కెచువా భాష నుంచి వచ్చింది. మనం రోజూ కూరలో వేసుకునే టమాటా పేరు కూడా నావాత్ల్ నుంచి స్పానిష్‌లోకి, అక్కడి నుంచి ప్రపంచమంతా పాకిందే.

ఇక నేర్చుకునేవాళ్లకి నేను గట్టిగా చెప్పేదొకటి. అమెరికాలో ఉంటే మెక్సికో పద్ధతితో మొదలుపెట్టండి, చుట్టూ వినబడేది ఎక్కువగా అదే, పైగా మనకి ఒక బరువు తగ్గుతుంది. స్పెయిన్‌లో స్నేహితుల గుంపుని ఒకలా, పెద్దవాళ్ల గుంపుని ఒకలా పిలవాలి, లాటిన్ అమెరికాలో ఏ గుంపుకైనా ఒకటే "ఉస్తేదెస్", అంటే "మీరు". మనం చిన్నపిల్లల గుంపుని కూడా "మీరెక్కడికిరా" అంటాం కదా, అచ్చం అలాగే. త, ద కూడా మన పలుకే, అది ఇంగ్లీషు ట, డ లాగా అనకండి చాలు. ఒక్క జాగ్రత్త, స్పెయిన్‌లో బస్సు పట్టుకోవడానికి "కొహెర్" అంటారు, ఆ మాట మెక్సికోలో, అర్జెంటీనాలో పచ్చి బూతు, అక్కడ "తొమార్" అనండి.

కొత్తవాళ్లని మాత్రం నేరుగా మీదే దేశం అని అడక్కండి, అమెరికాలో ఆ ప్రశ్నకి భయపడేవాళ్లున్నారు, అక్కడే పుట్టినవాళ్లకైతే కష్టం అనిపిస్తుంది. మీ ఇంట్లో బస్సుని ఏమంటారు అని అడగండి. కమియోన్, గ్వాగ్వా, కొలెక్తీవో, మిక్రో, ఏదో ఒకటి చెప్పి, ఆ వెంటనే వాళ్ల ఊరి గురించి వాళ్లే మొదలుపెడతారు.