నోటు కేసులో బోనెక్కే ముందు ప్లీడరాఫీసులో జరగాల్సిన పని

"నోటు రాసింది ఎవరండీ?" అని ఒక ప్రామిసరీ నోటు (అప్పు పత్రం) కేసులో అవతలి లాయర్ చాలా మెత్తగా అడిగాడు. మా వాది "నేనే రాశానయ్యా" అన్నాడు. ఆయనే సంతకం పెట్టిన చీఫ్ అఫిడవిట్‌లోనేమో (మన సాక్ష్యాన్ని రాసి కోర్టుకిచ్చే ప్రమాణపత్రం) రైటర్ వేరే ఆయనని ఉంది, నోటు కింద ఆ రైటర్ సంతకం కూడా ఉంది. పెద్దాయన అబద్ధం చెప్పలా, నేనే రాయించా అనబోయి అట్టా అన్నాడు, కానీ డిపోజిషన్‌లో, అంటే బోనులో చెప్పింది కోర్టు రాసుకునే కాయితంలో, పడింది పడినట్టే ఉంటది. బయటికొచ్చి అడిగితే అఫిడవిట్ అసలు చదవలేదన్నాడు, వాయిదా రోజు పొద్దున్నే హడావిడిగా సంతకం పెట్టించారంట. పెట్టించింది ఎవరో కాదు, ఆ ఫైలు చూసుకుంటున్న జూనియర్‌ని నేనే.

కందుకూరు, కావలి, ఒంగోలు కోర్టుల్లో తిరిగే మాబోటోళ్ళకి నోటు కేసులు కొత్తేం కాదు కాబట్టి ఆ నోటు కేసునే పట్టుకుని చెప్తా, మీది పొలం కేసైనా పద్ధతి దాదాపు ఇంతే.

మొదటి పని, మీ లాయర్ దగ్గర కూచుని మీకు అనుకూలంగా లేని సంగతి ముందు చెప్పండి. అందరూ బలమైన పాయింట్లు గంటసేపు చెప్పి అసలుది మింగేస్తారు. మధ్యలో ఇరవై వేలు ఫోన్‌పేలో తిరిగొచ్చాయా, నూటికి రెండు రూపాయల వడ్డీ అని నోటులో ఉండి చేతికి మూడు తీసుకున్నారా, అతను మీ బామ్మర్దికి చీటీ బాకీ ఉన్నాడా, అన్నీ చెప్పేయాలి. మీరు లాయర్‌కి చెప్పింది మీ ఒప్పుదల లేకుండా ఆయన బయటపెట్టకూడదు, భారతీయ సాక్ష్య అధినియంలో 132వ సెక్షన్ అదే. జరగబోయే నేరానికో మోసానికో చెప్పిన మాటకి మాత్రం ఆ రక్షణ లేదు. లాయర్‌కి చెప్పని సంగతి అవతలి పార్టీకి తెలియదు అనుకోవడం అంత అమాయకత్వం ఇంకోటి లేదు, ఎందుకంటే ఆ ఇరవై వేలు పంపింది వాళ్ళే కదా.

తర్వాత కేసుని మనమే కొట్టి చూడాలి. అమెరికాలో జ్యూరీ ఉంది కాబట్టి అక్కడ పెద్ద కేసుల్లో లాయర్లు ముందే బయటి మనుషుల్ని కూచోబెట్టి ఉత్తుత్తి విచారణ నడిపి వాళ్ళేమనుకుంటున్నారో చూసుకుంటారు. మనకు జ్యూరీ లేదు, వినేది జడ్జి ఒక్కరే, అందుకని మేం చేసేది ఏందంటే ఈ కేసు సంగతేమీ తెలియని ఇంకో లాయర్‌కి ఫైలిచ్చి ఈ రోజు నువ్వు ప్రతివాది అంటాం. టీ తాగుతూ పది నిమిషాల్లో ఆయన వేలు పెట్టిన చోటే రేపు అవతలాయన కూడా పెడతాడు, నాకు తెలిసి ఇది తప్పడం చాలా అరుదు.

నోటులో వేలు పెట్టే చోట్లు కూడా పెద్ద రహస్యమేం కాదు. సంతకం అతనిదేనా, డబ్బు నిజంగా చేతులు మారిందా, టైములో దావా వేశారా. సంతకం తేలితే డబ్బు ఇచ్చినట్టే కోర్టు అనుకుని మొదలుపెడుతుంది, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్ 118 సెక్షన్ అది, కానీ అవతలోళ్ళు దాన్ని పడగొట్టడానికి ఫలానా అని గట్టిగా నిరూపించక్కర్లేదు, ఇచ్చి ఉండడేమో అనే నమ్మకం కలిగించే సంగతులు చూపిస్తే చాలు. అందుకే "ఇంత డబ్బు నీకు ఎక్కడిది" అనే ప్రశ్న ప్రతి నోటు కేసులో వస్తుంది. పొగాకు రైతైతే వేలం కేంద్రంలో అమ్మిన డబ్బు బ్యాంకులోనే పడుతుంది కాబట్టి ఆ ఏడాది పాస్‌బుక్ ఎంట్రీ తీసుకురండి, నోటి మాట కంటే అది వంద రెట్లు నయం. ఐటీ రిటర్న్స్ వేస్తుంటే అందులో ఈ అప్పు చూపించారా లేదా అనేది కూడా ముందే చూసుకోండి.

టైము సంగతి. డిమాండ్ నోటుకి, అంటే అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటుకి, రాసిన తేదీ నుంచి మూడేళ్ళు. ఈలోపు కొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెట్టుంటే ఆ చెల్లు తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు. ఇక్కడ చాలా మంది దెబ్బ తినేది ఏందంటే చెల్లు రాసేది అప్పిచ్చినాయన, కింద బాకీదారు సంతకం ఉండదు, అది చెల్లదు. అట్టాగే రెవెన్యూ స్టాంపు లేని నోటు. మిగతా చాలా కాయితాలకి పెనాల్టీ కట్టి గట్టెక్కొచ్చు కానీ ప్రామిసరీ నోటుకి ఆ దారి లేదు, సాక్ష్యానికే పనికిరాదు. అంకెలు దిద్దినట్టు, సిరా మారినట్టు ఉంటే అది కూడా ఇప్పుడే లాయర్‌కి చూపించండి, ఒరిజినల్ తీసుకెళ్ళి వెలుగులో పెట్టి చూపించండి, జిరాక్స్‌లో ఇవేవీ కనపడవు.

ఇక కాయితాలు చదవడం. దావా, లాయర్ నోటీసు, వాళ్ళ రిప్లై నోటీసు, వాళ్ళ రిటన్ స్టేట్‌మెంట్ (దావాకి వాళ్ళు కోర్టులో వేసిన జవాబు), మీ చీఫ్ అఫిడవిట్. ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పించుకోండి, మీ మనవడో మనవరాలో కాదు, లాయర్ చేతే. సిగ్గుపడకుండా ఆపి ఆపి అడగండి. ఇప్పుడు నా ఆఫీసులో అఫిడవిట్ పైకి చదివి, పార్టీ "ఊ" అంటే ఒప్పుకోను, ఆ పేరాలో ఏముందో ఆయన మాటల్లో తిరిగి చెప్పిస్తా. విసుక్కుంటారు, విసుక్కోనీ.

ఆ తర్వాత అసలు కథ, ఉత్తుత్తి క్రాస్, అంటే బోనులో అవతలి లాయర్ వేసే ప్రశ్నలు మేమే ముందు వేసి చూడటం. కుర్చీ ఎదురుగా వేసి, అన్నా తమ్ముడూ అని పిలుచుకునే చనువు పక్కన పెట్టి, నేను అవతలి లాయర్‌ని అయిపోతా. మొన్న ఒకాయనతో ఇట్టా నడిచింది.

"ఎంత ఇచ్చారు?"

"మూడు లక్షలయ్యా, వాళ్ళ అమ్మాయి పెళ్ళని మా ఇంటికొచ్చి కూచుంటే, మా ఆవిడ వద్దంటున్నా..."

"ఆగు పెద్దాయనా. అడిగింది ఎంత అని. మూడు లక్షలు అని ఆపు."

ఎందుకంటే దావాలో నోటు రాసింది రైటర్ ఇంట్లో అని ఉంది. ఈయన మా ఇంటికొచ్చి అనగానే అయితే డబ్బు యాడ ఇచ్చావు, ఇంట్లోనా రైటర్ దగ్గరా, మీ ఆవిడ చూసిందా, ఆమెను సాక్షిగా ఎందుకు పిలవలేదు, అని దారి తెరుచుకుంటుంది. మనూళ్ళల్లో కబురు మొదటి నుంచి చెప్పకపోతే చెప్పినట్టే ఉండదు, బోనులో ఆ అలవాటే కొంప ముంచుతుంది.

"నోటులో మీ ఊరు ప్రకాశం జిల్లా అని ఉంది. దావాలో నెల్లూరు జిల్లా అంటున్నారు. ఏది అబద్ధం?"

పెద్దాయన బిత్తరపోయాడు. నోటు 2021ది, కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలో కలిసింది 2022 ఏప్రిల్‌లో. అంతకుముందు 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత ప్రకాశం అయింది) పెట్టినప్పుడు నెల్లూరు నుంచి అటు పోయింది, కాబట్టి తాతల నాటి దస్తావేజులున్న పొలం కేసైతే ఇంకా గందరగోళం. రెండూ నిజమే, జిల్లాలు మారాయి అంటే అయిపోయేదానికి చాలా మంది తడబడతారు, తడబడితే అబద్ధంలా కనపడుతుంది.

"మీరసలు డబ్బే ఇవ్వలేదు, చీటీకి ష్యూరిటీగా తీసుకున్న ఖాళీ నోటు నింపుకున్నారు అంటున్నాను."

"ఎంత మాటన్నావయ్యా, రమ్మను వాణ్ణి, మాలకొండ స్వామి ముందు ప్రమాణం చేస్తా!"

మాలకొండ గుడి తెరిచేది శనివారమే, కోర్టు ఆ లోపే అయిపోద్ది అంటే నవ్వాడు. నేను అట్టా "ఇది చేశారు అంటున్నాను" అని అడగడాన్ని సజెషన్ అంటారు. వాళ్ళ వాదన మీ ముందు పెట్టకపోతే తర్వాత చెప్పుకోడానికి ఉండదని ప్రతి లాయరూ పెడతాడు, మిమ్మల్ని తిట్టడం కాదు. మీరు చెప్పాల్సింది "నిజం కాదు". అరవక్కర్లేదు, వివరించక్కర్లేదు, అట్టాగని నోరు మూసుకోకూడదు, జవాబు లేకపోతే ఒప్పుకున్నట్టు తీసుకునే ప్రమాదం ఉంది. నిజంగా తెలియనిది తెలియదు అనొచ్చు, మర్చిపోతే గుర్తు లేదు అనొచ్చు, కానీ మీ సంతకం చూపించి అడిగినా గుర్తు లేదంటే జడ్జి గారు కళ్ళజోడు పైకెత్తి చూస్తారు.

ఇదంతా కోచింగ్ కాదా అని అడుగుతారు. జరిగింది ఎట్టా చెప్పాలో నేర్పడం వేరు, జరగంది చెప్పమనడం వేరు. ఆ రోజు లేని మనిషిని సాక్షిగా తెద్దామనే సలహా వస్తే, అది లాయర్ నుంచి వచ్చినా సరే, లేచి వచ్చేయండి. ప్రమాణం చేసి అబద్ధపు సాక్ష్యం చెప్తే భారతీయ న్యాయ సంహిత 229 సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా జైలు పడొచ్చు. ఇంకో సంగతి, బట్టీ పట్టిన సాక్షి ఎవరికైనా తెలిసిపోతాడు, ప్రశ్న తిప్పి అడిగితే చాలు దొరికిపోతాడు.

వాయిదాకి ముందే ఒక రోజు అదే కోర్టు హాల్లో వెనక కూచుని ఇంకెవరిదైనా క్రాస్ చూడండి, సగం భయం అక్కడే పోతుంది. వాయిదా రోజు కాల్ వర్క్ (పొద్దున్నే కేసులు వరసగా పిలవడం) మొదలయ్యే లోపే వెళ్ళండి, ఒరిజినల్ ఆధార్ పెట్టుకోండి, ఫోన్ ఆపేయండి. మీ కేసుకి కోర్టు ఇచ్చే సీఎన్ఆర్ నంబర్ దగ్గరుంటే ఈకోర్ట్స్ యాప్‌లో తేదీ మీరే చూసుకోవచ్చు, ప్రతిసారీ గుమస్తాకి ఫోన్ చేయక్కర్లేదు. బోనులో లాయర్ వైపు కాదు జడ్జి గారి వైపు చూసి చెప్పండి, వాళ్ళు టైపు చేయించుకోవాలి కాబట్టి కాస్త ఆగి ఆగి చెప్పండి. క్రాస్ సగంలో వాయిదా పడితే ఆ మధ్యలో జవాబుల గురించి మీ లాయర్‌ని పట్టుకుని అడక్కండి, ఆయన చెప్పకూడదు కూడా.

అయిపోయాక డిపోజిషన్ మీద సంతకం పెట్టమంటారు. అప్పటికి కాళ్ళు లాగుతుంటాయి, బస్సు టైము అవుతుంటది, సరే లెమ్మని గీకేస్తారు. వద్దు. చదివించుకోండి, మీరు చెప్పంది పడుంటే అక్కడే, జడ్జి గారి ముందే, "అయ్యా ఇది నేను ఇట్టా చెప్పలేదు" అనండి. మొదట చెప్పిన ఆ వాది పెద్దాయన ఆ మాట అనుంటే "రాశాను" కాస్తా "రాయించాను" అయ్యుండేదేమో, నేనే ఆయన్ని బస్సుకి టైమవుతుందని తొందరపెట్టా.