అమెరికాలో రాష్ట్ర ఆదాయపు పన్ను రిఫండు స్థితిని తెలుసుకునే విధానం

అమెరికాలో ఉద్యోగం చేసేవారి జీతం చేతికి రాకముందే అందులోంచి ఫెడరల్ ప్రభుత్వం ఒక పన్ను, చాలా రాష్ట్రాల్లో రాష్ట్ర ప్రభుత్వం మరొక పన్ను పట్టుకుంటాయి. ఏడాది ముగిశాక రిటర్ను వేసినప్పుడు, కట్టవలసిన దానికంటే ఎక్కువ పట్టుకున్నారని తేలితే, ఎవరు పట్టుకున్న సొమ్మును వారే విడివిడిగా తిరిగి ఇస్తారు. రెండు రిటర్నులనూ ఒకే సాఫ్ట్‌వేర్‌లో, ఒకే పూట, ఒకే బ్యాంకు ఖాతా నంబరు ఇచ్చి పంపుతాము కాబట్టి, రెండు రిఫండులూ ఒకేచోటి నుంచి వస్తాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఫెడరల్ రిఫండును చూసే ఐఆర్ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) వెబ్‌సైటులో రాష్ట్ర రిఫండు వివరాలు ఏవీ కనిపించవు. ఐఆర్ఎస్‌కు ఫోన్ చేసి అడిగినా రాష్ట్ర శాఖనే సంప్రదించమంటారు. రాష్ట్రం సొమ్ము ఎంతవరకు వచ్చిందో ఆ రాష్ట్ర పన్నుల శాఖ మాత్రమే చెప్పగలదు.

అందువల్ల ముందుగా తేల్చుకోవలసింది, అడగవలసిన రాష్ట్రం ఏది అన్నది. ఏడాది జీతం, పట్టుకున్న పన్నుల వివరాలతో యజమాని ఇచ్చిన డబ్ల్యూ-2 పత్రం అడుగు భాగంలో 15వ గడిలో రాష్ట్రం పేరు, 16వ గడిలో ఆ రాష్ట్రానికి లెక్కించిన జీతం, 17వ గడిలో ఆ రాష్ట్రం కోసం పట్టుకున్న పన్ను ఉంటాయి. 17వ గడి ఖాళీగా ఉంటే, ఆ ఉద్యోగం మీద రాష్ట్రం నుంచి తిరిగి రావలసిన పన్ను సాధారణంగా ఉండదు. టెక్సాస్, ఫ్లోరిడా, వాషింగ్టన్, టెనెసీ, నెవాడా, న్యూ హాంప్‌షైర్, సౌత్ డకోటా, వయోమింగ్, అలాస్కా రాష్ట్రాల్లో జీతాల మీద రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. కనుక ఏడాదంతా డల్లాస్‌లోనే ఉండి అక్కడే పనిచేసినవారు రాష్ట్ర రిఫండు కోసం వెతకనక్కరలేదు. ఏడాది మధ్యలో వేరే రాష్ట్రం నుంచి అక్కడికి మారినవారికి మాత్రం పాత రాష్ట్రం దగ్గర సొమ్ము మిగిలి ఉండవచ్చు.

న్యూజెర్సీలో ఇల్లు, న్యూయార్క్‌లో ఉద్యోగం ఉన్నవారి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఎడిసన్, జెర్సీ సిటీ ప్రాంతాల తెలుగువారిలో ఇలాంటివారు చాలామంది ఉన్నారు. వారు న్యూయార్క్‌కు నాన్ రెసిడెంటుగా ఐటీ-203 ఫారం, న్యూజెర్సీకి రెసిడెంటుగా ఎన్‌జే-1040 ఫారం, రెండూ వేయవలసి ఉంటుంది. రిఫండు ఏ రాష్ట్రం నుంచి రావాలని రిటర్నులో తేలిందో ఆ రాష్ట్రం పేజీలోనే చూడాలి. పెన్సిల్వేనియాలో ఉండి న్యూజెర్సీలో పనిచేసేవారి పరిస్థితి వేరు. ఆ రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందం ఉన్నందువల్ల జీతానికి నివాస రాష్ట్రమే పన్ను వేస్తుంది. అయినా యజమాని పొరపాటున న్యూజెర్సీ పన్ను పట్టుకుని ఉంటే, దాన్ని న్యూజెర్సీ నాన్ రెసిడెంటు ఫారం ఎన్‌జే-1040ఎన్ఆర్ వేసి తిరిగి తెచ్చుకోవాలి. పెన్సిల్వేనియా, ఒహాయోలలో ఊళ్లు వేసే స్థానిక ఆదాయపు పన్నుకు రిఫండు ఉంటే, దాన్ని వసూలు చేసే సంస్థనే అడగాలి, అది రాష్ట్ర శాఖ పేజీలో కనిపించదు. న్యూయార్క్ నగర పన్ను మాత్రం రాష్ట్ర రిటర్నులోనే కలిసి ఉంటుంది.

దగ్గర ఉంచుకోవలసినవి

చాలా రాష్ట్రాలు అడిగే వివరాలు దాదాపు ఒకటే: సోషల్ సెక్యూరిటీ నంబరు లేదా ఐటీఐఎన్ (ఆ నంబరు లేనివారికి ఐఆర్ఎస్ ఇచ్చే పన్ను నంబరు), ఏ సంవత్సరపు పన్ను, రిటర్నులో కోరిన రిఫండు మొత్తం. ఇందులో చాలామందిని ఆపేది మూడవది. మీరు రిటర్ను వేసినవారేనని నిర్ధారించుకోవడానికి ఆ మొత్తాన్నే గుర్తుగా వాడుతారు కాబట్టి, ఒక్క డాలరు తేడా ఉన్నా వివరాలు సరిపోలడం లేదనే జవాబు వస్తుంది. సాఫ్ట్‌వేర్ మొదటి పేజీలో కనిపించే అంకెను కాకుండా, దాఖలు చేసిన రాష్ట్ర రిటర్ను పీడీఎఫ్ తెరిచి, రిఫండు వరుసలో ఉన్న అంకెను చూసి టైపు చేయాలి. భార్యాభర్తలు కలిసి రిటర్ను వేసి ఉంటే, అందులో మొదట రాసిన వ్యక్తి నంబరును ఇవ్వాలి.

కాలిఫోర్నియాను ఉదాహరణగా తీసుకుందాం. అక్కడ ఈ పని చూసేది ఫ్రాంచైజ్ టాక్స్ బోర్డు. దాని వెబ్‌సైటు ఎఫ్‌టీబీ డాట్ సీఏ డాట్ గవ్. అందులో రిఫండు స్థితి పేజీ తెరిస్తే నాలుగు గడులు కనిపిస్తాయి: సోషల్ సెక్యూరిటీ నంబరు, చిరునామాలోని అంకెలు, జిప్ కోడ్, రిఫండు మొత్తం. చిరునామాలోని అంకెలంటే వీధి పేరుకు ముందుండే నంబరు. రిటర్నులో 1234 మెయిన్ స్ట్రీట్ అని రాసి ఉంటే 1234 అని మాత్రమే ఇవ్వాలి. ఇల్లు మారినవారు ఇప్పటి చిరునామా కాకుండా, రిటర్నులో రాసిన చిరునామానే ఇవ్వాలి. రిఫండు మొత్తం, ఏడాదంతా అక్కడే నివసించినవారు వేసే ఫారం 540 అయితే 115వ వరుసలో, ఏడాదిలో కొంత భాగమే అక్కడ నివసించినవారు లేదా అసలు నివాసం లేనివారు వేసే 540ఎన్ఆర్ అయితే 125వ వరుసలో ఉంటుంది. 540లో 97వ వరుసలోనూ ఎక్కువగా కట్టిన పన్ను అని ఒక మొత్తం ఉంటుంది. దానిలోంచి వచ్చే ఏడాదికి జమ చేసుకోమన్నది, విరాళంగా ఇచ్చినది, వడ్డీ, జరిమానాలు ఉంటే అవీ తీసేశాక మిగిలేదే 115వ వరుస. ఈ రెండు అంకెలూ వేరైనప్పుడు 97వ వరుసలోని అంకెను ఇచ్చి, వెబ్‌సైటు పనిచేయడం లేదనుకునేవారు ఉన్నారు.

ఇల్లినాయిస్‌లో మైటాక్స్ ఇల్లినాయిస్ అనే సైటులో సోషల్ సెక్యూరిటీ నంబరుతో పాటు మొదటి పేరు, ఇంటిపేరు అడుగుతారు. మన పేర్ల విషయంలో ఇక్కడే చిక్కు వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు రావడం, ఇంటిపేరు గడి ఖాళీగా ఉండడం, తండ్రి పేరు కలిసిపోవడం మనవారికి మామూలే కాబట్టి, డబ్ల్యూ-2లో ఒక క్రమం, రిటర్నులో మరొక క్రమం ఉండే అవకాశం ఉంది. రిటర్నులో ఏ గడిలో ఏ పేరు రాశారో చూసుకుని, అదే క్రమంలో టైపు చేయాలి. న్యూయార్క్‌లో నంబరు, పన్ను సంవత్సరం, రిఫండు మొత్తంతో పాటు ఏ ఫారం వేశారో కూడా అడుగుతారు. న్యూజెర్సీలో ఇంటర్నెట్ అవసరం లేకుండా 609-826-4400 నంబరుకు ఫోన్ చేసి, బటన్లు నొక్కి కూడా తెలుసుకోవచ్చు. జార్జియాలో ఈ సదుపాయం జార్జియా టాక్స్ సెంటర్ అనే సైటులో ఉంది.

గూగుల్‌లో వెతికినప్పుడు పైన కనిపించే ప్రకటనలను నొక్కకుండా, చిరునామా చివర డాట్ గవ్ ఉన్న సైటులోకే వెళ్లాలి. మీ రిఫండు సిద్ధంగా ఉంది, ఈ లింకు నొక్కి బ్యాంకు వివరాలు ఇవ్వండి అంటూ ఫోనుకు వచ్చే సందేశాలను నమ్మవద్దు. స్థితి చూడడానికి ఏ రాష్ట్రమూ రుసుము తీసుకోదు, డెబిట్ కార్డు నంబరు అడగదు.

ఎప్పుడు చూడాలి, ఎంతకాలం ఆగాలి

రిటర్ను పంపిన మరుసటి రోజు నుంచే చూడడం మొదలుపెడితే ఆందోళన తప్ప ప్రయోజనం ఉండదు. కాలిఫోర్నియాలో ఈ-ఫైల్ చేసిన రిటర్నుకు సాధారణంగా మూడు వారాల వరకు, కాగితం మీద పంపిన దానికి మూడు నెలల వరకు పడుతుంది. న్యూజెర్సీలో ఈ-ఫైల్‌కు కనీసం నాలుగు వారాలు, కాగితం రిటర్నుకు కనీసం పన్నెండు వారాలు ఆగమంటారు. సీజను మొదట్లోనే వేసినవారికి కొన్నిసార్లు ఇంకా ఆలస్యం కావచ్చు. దానికొక కారణం, రిటర్నులో చూపిన పన్నును యజమాని రాష్ట్రానికి పంపిన డబ్ల్యూ-2 వివరాలతో పోల్చి చూడడం. ఆ వివరాలు అందేదాకా కొన్ని రిటర్నులు పక్కన ఉండిపోతాయి.

జార్జియాకు కొత్తగా వచ్చినవారికి మరొక మాట. అక్కడ మొదటిసారి రిటర్ను వేసినవారికి, లేదా ఐదేళ్లుగా వేయనివారికి, బ్యాంకు ఖాతా నంబరు ఇచ్చినా సరే, రిఫండు కాగితం చెక్కుగానే ఇంటికి వస్తుంది. అట్లాంటా పరిసరాల్లో చదువు ముగించి వేసవిలో ఇల్లు మారే విద్యార్థులు, ఆ చెక్కు పాత అపార్ట్‌మెంటు తపాలా పెట్టెలో పడిపోకుండా చూసుకోవాలి.

ఆలస్యమైందని అదే రిటర్నును మళ్లీ పంపడం, లేదా మొదటిది తేలకముందే సవరణ రిటర్ను వేయడం చేయకూడదు. ఒకే నంబరు మీద రెండు రిటర్నులు కనిపించినప్పుడు రెండూ పరిశీలన కోసం ఆగిపోయి, మూడు వారాల్లో తేలవలసిన పని నెలల పాటు సాగుతుంది.

పేజీలో కనిపించే జవాబులు

రాష్ట్రాన్ని బట్టి మాటలు మారినా జవాబులు కొన్ని రకాలే. రిటర్ను అందింది, పరిశీలనలో ఉంది అంటే చేయవలసింది ఏమీ లేదు. రిఫండు ఫలానా తేదీన పంపాము అంటే, ఆ తేదీ తర్వాత బ్యాంకులో జమ కావడానికి కొన్ని రోజులు పడుతుంది. కాగితం చెక్కు అయితే తపాలా సమయం అదనం. రిటర్ను ఇంకా నమోదు కాలేదు అంటే, సాఫ్ట్‌వేర్ పంపిన ఈమెయిలులో రాష్ట్రం రిటర్నును స్వీకరించిందని ఉందో లేదో చూసుకోవాలి. ఫెడరల్ రిటర్నును స్వీకరించి, రాష్ట్ర రిటర్నును తిరస్కరించిన సందర్భాలుంటాయి. అప్పుడు సరిదిద్ది మళ్లీ పంపవలసి ఉంటుంది.

అన్నింటికంటే జాగ్రత్తగా చూడవలసిన జవాబు, అదనపు సమాచారం కోరుతూ మీకు ఉత్తరం పంపాము అనేది. ఇతరుల సోషల్ సెక్యూరిటీ నంబర్లతో దొంగ రిటర్నులు వేసి రిఫండు కాజేసేవారిని ఆపడానికి రాష్ట్రాలు అనుమానం వచ్చిన రిటర్నులను నిలిపివేసి, అసలు వ్యక్తికి ఉత్తరం రాస్తాయి. కాలిఫోర్నియాలో ఆ ఉత్తరం 4734డి అనే నంబరుతో, న్యూయార్క్‌లో డీటీఎఫ్-948 అనే నంబరుతో వస్తుంది. గుర్తింపు పత్రం, డబ్ల్యూ-2, కొన్నిసార్లు జీతం చీటీలు అడుగుతారు. ఉత్తరం మూలన రాసిన గడువులోపు, అందులో చెప్పిన పద్ధతిలోనే వాటిని పంపాలి. మీ జవాబు అందేదాకా ఆ రిటర్ను అక్కడే ఆగి ఉంటుంది. లేదా మీరు చూపిన పన్నును ఒప్పుకోకుండా లెక్క తేల్చివేస్తారు. ఇంత ముఖ్యమైన ఉత్తరం మామూలు తపాలాలో వస్తుందని తెలియక, ప్రకటనల కాగితాలతో కలిపి చెత్తబుట్టలో వేసేవారున్నారు. రిఫండు వచ్చేదాకా తపాలా పెట్టెలో వచ్చిన ప్రతి కవరునూ విప్పి చూడాలి.

అనుకున్న మొత్తం కంటే తక్కువ వస్తే మూడు కారణాలు ఉండవచ్చు. రాష్ట్రం లెక్కను సవరించి ఉంటే నోటీసు పంపుతుంది. ప్రభుత్వ సంస్థలకు పాత బాకీలు, చెల్లించని జరిమానాల వంటివి ఉంటే రిఫండులోంచి మినహాయించుకుని ఆ సంగతీ తెలుపుతుంది. మూడవది, రిటర్ను తయారుచేసిన రుసుమును రిఫండులోంచే తీసుకోమని మీరే ఒప్పుకుని ఉండడం. అప్పుడు సొమ్ము ముందు రిటర్ను తయారుచేసినవారి బ్యాంకుకు వెళ్లి, రుసుము పోగా మీకు చేరుతుంది. పన్నుల శాఖ పేజీలో మొత్తం అంకె కనిపించి, ఖాతాలో తక్కువ పడడానికి చాలాసార్లు ఇదే కారణం.

ఇండియాకు తిరిగి వచ్చినవారు

చదువో ఉద్యోగమో ముగిసి, రిటర్ను వేసి, రిఫండు రాకముందే హైదరాబాదుకో విజయవాడకో వచ్చేసినవారికి ఈ ప్రక్రియ కొంచెం కష్టమవుతుంది. రిటర్నులో ఇచ్చిన బ్యాంకు ఖాతాను రిఫండు పడేదాకా మూయకండి. మూసిన ఖాతాకు పంపిన సొమ్మును బ్యాంకు వెనక్కి పంపితే, సాధారణంగా రాష్ట్రం దాన్ని చెక్కుగా మార్చి రిటర్నులోని చిరునామాకు పంపుతుంది. చిరునామా మార్పును ఐఆర్ఎస్‌కు తెలిపితే రాష్ట్రానికి చేరినట్టు కాదు. కాలిఫోర్నియాకు అందుకోసం ఎఫ్‌టీబీ 3533 అనే ఫారం ఉంది. ఫ్రాంచైజ్ టాక్స్ బోర్డు సైటులో మైఎఫ్‌టీబీ అనే ఖాతా తెరవాలనుకునేవారు దేశం విడవకముందే తెరవడం మంచిది, ఎందుకంటే అందుకు కావలసిన పిన్ తపాలాలో ఇంటికి వస్తుంది. అక్కడి 800తో మొదలయ్యే ఉచిత ఫోన్ నంబర్లు ఇక్కడి నుంచి కలవకపోవచ్చు. విదేశాల నుంచి ఆ బోర్డుకు ఫోన్ చేయవలసిన నంబరు 916-845-6500. మీ తరఫున మిత్రుడో బంధువో ఫోన్ చేసి అడిగితే వివరాలు చెప్పరు. వారికి అధికారం ఇస్తూ ముందుగా రాతపూర్వక పత్రం దాఖలు చేయాలి. కాలిఫోర్నియాలో అది 3520-పీఐటీ, న్యూయార్క్‌లో పీఓఏ-1.

రిఫండు అందాక వచ్చే జనవరిలో రాష్ట్రం తాను ఇచ్చిన రిఫండు మొత్తాన్ని తెలుపుతూ 1099-జీ అనే పత్రం పంపవచ్చు. అందులోని మొత్తానికి ఫెడరల్ పన్ను పడేది, అంతకు ముందు ఏడాది రిటర్నులో ఖర్చులను విడివిడిగా చూపి, ఆ రాష్ట్ర పన్నును మినహాయింపుగా వాడుకుని లాభం పొందినవారికి మాత్రమే. ఖర్చులు చూపకుండా ఒకే స్థిర మొత్తాన్ని మినహాయించుకునే స్టాండర్డ్ డిడక్షన్ తీసుకున్నవారికి పడదు. నాన్ రెసిడెంటుగా 1040-ఎన్ఆర్ వేసే విదేశీయులకు సాధారణంగా స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు. కానీ భారత్, అమెరికాల మధ్య ఉన్న పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం రెండవ క్లాజు మన విద్యార్థులకు ఆ అవకాశం ఇచ్చింది. ఆ వెసులుబాటు వాడుకున్న విద్యార్థికి 1099-జీ వచ్చినా, ఆ రిఫండును ఆదాయంగా చూపనక్కరలేదు.

అసలు రిటర్నే వేయనివారికి కూడా కొంత వ్యవధి ఉంది. రిఫండు కోరడానికి కాలిఫోర్నియాలో గడువు తేదీ నుంచి సాధారణంగా నాలుగేళ్లు, న్యూయార్క్, న్యూజెర్సీలలో మూడేళ్లు అవకాశం ఉంటుంది. పంపిన చెక్కు తిరిగి వెళ్లిపోయి ఏళ్లు గడిచినట్లయితే, ఆ రాష్ట్రపు క్లెయిము చేయని ఆస్తుల విభాగం సైటులో మీ పేరు, పాత చిరునామా ఇచ్చి వెతకండి. చాలా రాష్ట్రాల్లో అలాంటి సొమ్మును ఆ విభాగానికి బదిలీ చేసి, ఆ సొమ్ము ఎవరిదో వారు వచ్చి అడిగేదాకా ఉంచుతారు.