డిప్రెషన్ మాత్రలతో పాటు మూలికలు కూడా వాడాలనుకుంటే

చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఇదంతా చదువుతూ కూర్చోకండి, 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వానిదే, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక మూలికల సంగతి. డాక్టరు రాసిన మాత్ర గుణం చూపించడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈలోపే "మనకి ఇంగ్లీషు మందులు పడవు" అని మాత్ర మానేసి, పక్కింటావిడ చెప్పిన చూర్ణం మొదలుపెట్టేవాళ్లు బోలెడుమంది. అలా టక్కున ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం ఉంటాయి, జబ్బు కూడా తిరగబెట్టొచ్చు. మూలిక మాత్రకి తోడుగా ఉండాలి, దాని బదులు కాదు. ఏం వాడాలనుకున్నా ఆ సీసా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి చూపించండి. తిడతారేమో అని దాచేవాళ్లే ఎక్కువ, అసలు ప్రమాదమంతా అక్కడే.

ఎందుకంటే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక సంగతే చూడండి. అమెరికాలో ఉన్న మనవాళ్లకి చీటీ లేకుండానే షాపులో దొరుకుతుంది, ఇక్కడైతే ఆన్‌లైన్లో. తేలికపాటి డిప్రెషన్‌కి ఇది పనిచేస్తుందని పరిశోధనలు ఉన్నాయి, కానీ ఎస్కిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటి డిప్రెషన్ మాత్రలతో కలిస్తే ఒంట్లో సెరొటోనిన్ అనే రసాయనం మితిమీరి వణుకు, చెమటలు, జ్వరం, గుండె దడ వచ్చి ఆసుపత్రిలో చేరాల్సి రావచ్చు. పైగా లివర్ మిగతా మందుల్ని త్వరగా ఖర్చు చేసేలా చేస్తుంది కాబట్టి గర్భం రాకుండా వేసుకునే మాత్రలు, రక్తం పలచబడటానికి వాడే వార్ఫరిన్, కిడ్నీ మార్పిడి అయినవాళ్ల సైక్లోస్పోరిన్ సరిగా పనిచేయకుండా పోతాయి. మాత్రలు వాడుతున్నవాళ్లు దీని జోలికే వెళ్లొద్దు.

కుంకుమపువ్వు కాస్త నయం. రోజుకి 30 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి ఇరాన్‌లో చాలా పరీక్షలు చేశారు, ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నాయి గానీ చాలావరకు చిన్న పరీక్షలు, కొద్ది వారాలవే. కల్తీ కూడా ఎక్కువ. గోరువెచ్చని నీళ్లలో వేయగానే రంగంతా దిగిపోయి రేక తెల్లబడితే అది నకిలీ. గర్భిణులు మందు మోతాదులో వాడొద్దు.

అశ్వగంధ టెన్షన్‌కి, నిద్రకి కొంత సాయం చేస్తుంది, డిప్రెషన్‌కే అంటే ఆధారాలు తక్కువ. థైరాయిడ్ ఉన్నవాళ్లు, నిద్రమాత్రలు వేసుకునేవాళ్లు అడక్కుండా మొదలుపెట్టొద్దు, గర్భిణులైతే అసలే వద్దు. అరుదుగానైనా లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపేసి ఆసుపత్రికి వెళ్లండి.

లేబుల్, లైసెన్సు నంబరు లేని పొట్లం పొడులు ఎంత నమ్మకస్తులు ఇచ్చినా తీసుకోవద్దు, కొన్నింట్లో సీసం, పాదరసం బయటపడ్డాయి. ఏదైనా ఒక్కసారికి ఒక్కటే మొదలుపెట్టి, తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి. రెండూ ఒకేసారి మొదలుపెడితే, రేపు ఒళ్లంతా దద్దుర్లు వచ్చినప్పుడు దేన్ని ఆపాలో డాక్టరుకీ తెలీదు.