ముత్యాలమ్మకు బోనం ఎత్తేదెట్లా: కుండ కొన్న నాటి నుంచి దించేదాకా

మా చిన్న కోడలు హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగింది. పెళ్లయిన ఏడాది శ్రావణంలో ఫోన్ చేసి, "అత్తమ్మా, బోనానికి కుక్కర్ తేవాలా?" అని అడిగింది. నవ్వొచ్చింది గానీ తప్పు ఆమెది కాదు. పట్నంలో ఆషాఢంలో గోల్కొండ దగ్గర మొదలై సికింద్రాబాద్ మహంకాళి, లాల్‌దర్వాజ దాకా ఆదివారం ఆదివారం బోనాలు పోతుంటే ఆమె డాబా మీద నుంచి చూసింది. అంత దూరం నుంచి ఇత్తడి బిందె మెరుపు కనబడుతుంది గానీ లోపల ఏముందో కనబడదు కదా.

నల్లగొండ జిల్లాలో మా నకిరేకల్ దిక్కు ముత్యాలమ్మ పండుగ శ్రావణంలో వస్తుంది. ఏ ఆదివారమో పెద్దమనుషులు కూర్చుని, నాట్లు ఎంతదాకా వచ్చాయో చూసుకుని చెబుతారు. డప్పు చాటింపు విన్న రోజే కుండ కొనండి. పండుగ ముందురోజు పోతే మిగిలినవే దొరుకుతాయి.

బిందె వద్దని కాదు, మా ఊళ్లో సగం మంది స్టీలు బిందెలే ఎత్తుతున్నారు. నేను మాత్రం మట్టి పటువనే (కుండనే) అంటాను, అది తల మీద జారదు. కుమ్మరింట్లో పటువను వేళ్ల కణుపులతో కొట్టి చూడండి. ఖంగుమంటే తీసుకోండి, మొద్దుగా మోగితే ఎక్కడో పగులుంది. దాని మూతి మీద పెట్టడానికి ముంత, ముంత మీదికి ప్రమిద కూడా అక్కడే పెట్టి చూసుకోవాలి. ముంత ఊగితే ఇంకోటి అడగండి, సిగ్గు పడొద్దు. దారిలో ఊగితే సిగ్గు ఇంకా ఎక్కువ.

కొన్న కుండను ఒక రాత్రి నీళ్లలో నానబెట్టాలి. నేను ఎత్తిన మొదటి బోనానికి ఆ పని చేయలేదు, ముంతకు సన్నటి చీలిక ఉంటే అదీ చూసుకోలేదు. సగం దారి పోయేసరికి బెల్లం నీళ్లు నా మెడ మీదుగా రవికెలోకి కారాయి. రాత్రి పడుకున్నాక చీమలు పట్టాయి. మా అత్తమ్మ చచ్చేదాకా ఆ ముచ్చట చెప్పి నవ్వింది.

పొద్దున కుండ తీసి నీడలో ఆరబెట్టండి. కొంచెం చెమ్మ ఉండగా పసుపు పూయాలి, పసుపు ముద్దగా ఉండాలి, పలచగా కలిపితే జారిపోతుంది. ఇక్కడే అందరూ తొందరపడతారు. పసుపు తడిగా ఉండగానే సున్నం బొట్లు పెడితే అవి ఎర్రబడిపోతాయి. పూర్తిగా ఆరనిచ్చి పెట్టండి. అంచుల్లో కొంచెం ఎర్రన వస్తుంది, అది అందమే. ఆ బొట్ల మధ్యలో కుంకుమ. మెడకు లేత వేపమండలు దారంతో కట్టండి, కొసలు కిందికి ఉండాలి. ముదురు కొమ్మలైతే నడుస్తుంటే ముఖానికి గుచ్చుకుంటాయి.

వంట మాటకొస్తే, కిలో బియ్యం వండకండి. ఉడికాక మూడు కిలోలు దాటుతుంది, దానికి తడి కుండ బరువు తోడు. కొత్తగా ఎత్తేవాళ్లకు అరకిలో చాలు. తలస్నానం చేసి, పొయ్యి అలికి, అరకిలో బియ్యం లీటరున్నర నీళ్లలో మెత్తగా ఉడికించి అర లీటరు కాచిన పాలు పోయండి. బెల్లం నాలుగు వందల గ్రాములు వేరే గిన్నెలో కరిగించి వడగట్టండి, ఇసుక ఉంటుంది. పాశం (పాయసం) పొయ్యి దించాక, కొంచెం చల్లారాకే బెల్లం పానకం కలపండి. మరుగుతుండగా పోస్తే పాలు విరుగుతాయి. తీపి సరిపోయిందా అని నోట్లో వేసుకోవద్దు, అమ్మకు పెట్టకముందు ఎంగిలి పడకూడదు. కొలతలు చెప్పింది అందుకే.

కుండలో పాశం పోసి, పైన గుప్పెడు పెరుగన్నం పెడతాం మేము. ఎందుకంటే ముత్యాలమ్మ అంటే ఒకప్పుడు ఒంటి మీద ముత్యాల్లాగా లేచే పొక్కుల తల్లి. ఇంట్లో ఎవరికైనా అమ్మ పోస్తే వేపాకు, పెరుగు, చల్లటి నీళ్లు. ఆ మశూచి 1975 తర్వాత మన దేశంలో లేదు. అయినా ఆమె చల్లబడాలనే ఇప్పటికీ అన్నీ చల్లటివే పెడతాం. మా పెద్ద కొడుకు "రోగమే పోయింది కదా" అంటాడు. పోయింది కాబట్టే పెడుతున్నాను అంటాను నేను.

పాశం గోరువెచ్చగా అయ్యాకే కుండలోకి తీయండి. వేడిది పోస్తే మాడు (నడినెత్తి) కాలుతుంది. మెడకు రెండు వేళ్లు తక్కువగా నింపండి. ముంతలో శాకకు (అమ్మ ముందు ధారగా పోసేదానికి) నీళ్లు, పసుపు, బెల్లం, వేపాకు. కల్లు పోసే ఇళ్లూ ఉన్నాయి, మీ ఇంటి పద్ధతి మీది. ప్రమిదలో నువ్వుల నూనె సగం వరకే, ఒత్తి మాత్రం లావుగా ఉండాలి. అగ్గిపెట్టె వెంట వచ్చే పిల్లల్లో ఎవరి జేబులోనైనా పెట్టండి. గాలికి దీపం ఆరితే మళ్లీ వెలిగించుకోవడమే, అరిష్టమని టెన్షన్ పడాల్సిన పని లేదు. శ్రావణపు గాలి ఎవరి మాట వింటుంది?

తల మీద కుండ కింద పెట్టుకునే సుట్టబట్టకు పాత నూలు చీర ముక్క మంచిది. మెలితిప్పి, కొద్దిగా తడిపి పెట్టుకోండి. పాలిస్టర్‌ది జారుతుంది. జడ కిందికి వేసుకోండి, కొప్పు మాడు మీదికి రావద్దు. ఇద్దరు పట్టి ఎత్తించాలి, మీరు నడుం వంచొద్దు, మోకాళ్లు వంచండి. ఒక చెయ్యి నొస్తే రెండోది మార్చండి. చూపు నేల మీద కాదు, ముందు నడిచే మనిషి వీపు మీద ఉంచండి. డప్పు దరువు పెరిగినప్పుడు కాళ్లు దానితో పోదామంటాయి, పోనివ్వకండి.

వరుసలో మీ ముందు ఎవరికైనా పూనకం వస్తుందనిపిస్తే రెండడుగులు వెనక్కి జరగండి, ఆమె తల మీది కుండను పక్కవాళ్లు దించేదాకా ఆగండి. దారిలో ఇళ్లవాళ్లు మీ కాళ్ల మీద నీళ్లు పోస్తారు. ఆ తడి కాళ్లతో సిమెంటు రోడ్డు మీద జారుతుంది, అక్కడ నెమ్మది.

గుడి చుట్టూ మూడు సార్లు తిరిగి, దింపించుకుని, ముందు శాక పోయండి. తర్వాత ఆకులో పాశం, పెరుగన్నం కొంచెం తీసి అమ్మ ముందు పెట్టండి. కోళ్లు, యాటల (గొర్రె, మేకల) సంగతి మగవాళ్లు చూసుకుంటారు, అది ఎట్లాగూ మన చేతిలో ఉండదు.

మిగిలినది ఇంటికి తెచ్చి ఆ రాత్రే పంచేయండి. పెరుగు కలిసింది కదా, పొద్దునకు పులుస్తుంది.