ఎంపీసీ పిల్లలు జెన్ ఎడ్ కోర్సులు ఎంచుకునేటప్పుడు

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక జూనియర్ కాలేజీలో 20 ఏళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నాను. మా అమ్మాయి ఎంపీసీ పూర్తి చేసి అమెరికాలో ఒక చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో (అన్ని రంగాల సబ్జెక్టులూ కొంత కొంత చదివించే కాలేజీ) చేరింది. మేజర్, అంటే ముఖ్య సబ్జెక్టు, కంప్యూటర్ సైన్స్, ఇప్పుడు మూడో సంవత్సరం. మొదటి సెమిస్టర్ కోర్సుల లిస్టు చూసి మావారు, "ఇంత ఫీజు కట్టి హిస్టరీ చదవడమేంటే?" అన్నారు. నాకూ అప్పుడు అదే అనిపించింది. ఈ ఏడాది పిల్లల్ని పంపుతున్న ఇళ్లలో ఆ టెన్షన్ ఉండకూడదని ఇది రాస్తున్నాను.

జనరల్ ఎడ్యుకేషన్ (జెన్ ఎడ్) అంటే మేజర్ ఏదైనా సరే, అందరూ చదవాల్సిన భాగం. కాలేజీకో పద్ధతి ఉంటుంది. స్వార్థ్‌మోర్‌లో హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్, నేచురల్ సైన్సెస్ మూడింటిలోనూ కనీసం మూడేసి కోర్సులు చేయాలి. ఆమ్‌హర్స్ట్‌లో మొదటి ఏడాది సెమినార్ ఒక్కటే తప్పనిసరి. సెయింట్ జాన్స్‌లో దాదాపు మొత్తం చదువే అందరికీ ఒకటి. కాబట్టి పక్కింటి అబ్బాయి చెప్పింది మీకు పనికిరాకపోవచ్చు. మీ కాలేజీ కేటలాగ్ (కోర్సులూ నిబంధనలూ ఉండే పుస్తకం) తెరవండి, అదీ మీరు చేరిన ఏడాదిది. మామూలుగా చివరిదాకా ఆ ఏడాది నిబంధనలే వర్తిస్తాయి.

తర్వాత ఒక తెల్ల కాగితం మీద ఎనిమిది సెమిస్టర్లకు గడులు గీయండి. ముందు మేజర్ కోర్సులు పెన్సిల్‌తో రాయండి, ఎందుకంటే అవి గొలుసులా ఉంటాయి. మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు అవ్వనిదే డేటా స్ట్రక్చర్స్ ఇవ్వరు, అది అవ్వనిదే అల్గారిథమ్స్ ఇవ్వరు. మిగిలిన ఖాళీల్లో జెన్ ఎడ్ నింపండి, సెమిస్టర్‌కు ఒకటి రెండు చొప్పున. ఒక కోర్సు రెండు అవసరాలకు లెక్కకొస్తుందా, పాస్-ఫెయిల్ కింద (గ్రేడు లేకుండా) తీసుకుంటే చెల్లుతుందా అన్నవి అడ్వైజర్‌ని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

ఇక అసలు విషయం. ఏది చూస్తే భయమో అది ముందు పెట్టుకోండి. మన పిల్లలకు ల్యాబ్ అంటే భయం లేదు, రాయడమంటేనే భయం. తప్పు వాళ్లది కాదు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలే ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకుంటారు, మార్కులు వస్తాయని. అలా సొంతంగా రాయడాన్ని తప్పించుకోవడం అలవాటవుతుంది. నా క్లాసులో ఏటా చూస్తున్నాను. మా అమ్మాయి కూడా అంతే. అదే అలవాటుతో రైటింగ్ కోర్సును ఐదో సెమిస్టర్ దాకా తోసుకుంటూ వెళ్లింది. తీరా ఆ సెమిస్టర్‌లో అది, మేజర్‌లో తప్పనిసరి కోర్సు ఒకే టైముకు పడ్డాయి. రైటింగ్ ఆరో సెమిస్టర్‌కు జరిగింది. ఆ సెమిస్టర్ వేరే దేశంలో చదవాలని ఎంతో ఆశపడింది, అది పోయింది. ఆ రోజు ఫోన్‌లో ఏడుస్తుంటే నేనేమీ చెప్పలేకపోయాను.

సులువైన కోర్సు ఏదని సీనియర్లను అడగొద్దు. సిలబస్ తెప్పించుకుని, వారానికి ఎన్ని పేజీలు చదవాలి, ఎన్ని వ్యాసాలు రాయాలి, రాసింది దిద్ది మళ్లీ రాయనిస్తారా అని చూడండి. తిరగరాయనిచ్చే ప్రొఫెసర్ దొరికితే వదలొద్దు. కాలేజీలో రైటింగ్ సెంటర్ (వ్యాసాలు రాయడంలో సాయం చేసే చోటు) ఉంటే మొదటి డ్రాఫ్టుతోనే వెళ్లాలి.

మా అమ్మాయి తీసుకున్న హిస్టరీ కోర్సు హిందూ మహాసముద్ర వర్తకం మీద. ఒక రాత్రి ఫోన్ చేసి, "అమ్మా, గోల్కొండ వజ్రాలు గోల్కొండలో దొరకలేదట, తెలుసా?" అంది. స్కూల్ పిక్నిక్‌కీ, చుట్టాలొచ్చినప్పుడూ ఎన్నిసార్లు ఆ కోట ఎక్కిందో! గనులు కృష్ణ ఒడ్డున కొల్లూరు వైపు, గోల్కొండ వాటి బజారు. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే రాతల్లో ఏది కళ్లారా చూసింది, ఏది విన్నది అని విడదీస్తూ ఎనిమిది పేజీలు రాసింది. మూడుసార్లు తిరగరాసింది. మావారు అది చదివి కాసేపు మాట్లాడలేదు, తర్వాత ప్రింట్ తీయించుకొచ్చారు.

రిజిస్ట్రేషన్ రోజు సీట్లు నిమిషాల్లో అయిపోతాయి. అక్కడి తూర్పు తీరంలో ఉదయం 7 గంటలంటే ఏప్రిల్‌లో మనకు సాయంత్రం 4:30, నవంబర్ రెండో వారం నుంచి 5:30. ప్రతి గడికీ ఇంకో రెండు కోర్సులు రాసి ఉంచుకోండి. వెయిట్‌లిస్టులో ఉన్నా మొదటి క్లాసుకు వెళ్లి కూర్చోవాలి. నచ్చలేదని కోర్సు డ్రాప్ చేసే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసును తప్పక అడగండి. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద డిగ్రీ చదివేవాళ్లకు మామూలుగా సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి, ఆన్‌లైన్ క్లాసులు ఎన్ని తీసుకున్నా అందులో ఒక్కటి మాత్రమే లెక్కకొస్తుంది.

ఇక్కడే చదివేవాళ్లకూ ఇదే పద్ధతి పనికొస్తుంది. 2022లో యూజీసీ ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్‌లో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లుంటే, 9 క్రెడిట్లు మల్టీడిసిప్లినరీ కోర్సులవి, అంటే వేరే విభాగాల సబ్జెక్టులవి.

ప్రతి సెమిస్టర్ చివర డిగ్రీ ఆడిట్ (ఏ అవసరాలు తీరాయో, ఏవి మిగిలాయో చూపే కాలేజీ రిపోర్టు) తెరిచి కాగితంతో పోల్చి చూడండి. మా కాగితం కాపీ ఫ్రిజ్ మీద అంటించి ఉంది. ఆర్ట్స్ గడి ఒక్కటే ఖాళీ. ఏప్రిల్ రిజిస్ట్రేషన్ కోసం అందులో మా అమ్మాయి పెన్సిల్‌తో మట్టిపాత్రల కోర్సు, దాని కింద డ్రాయింగ్ రాయించింది.