బెంగళూరు నుంచి బ్యాంకాక్ ఉద్యోగానికి వెళ్తున్నారా? ముందు ఈ లెక్కలు చూసుకోండి

మారతహళ్లిలో మా పక్క ఫ్లాట్ తమ్ముడికి బ్యాంకాక్‌లో ఉద్యోగం వచ్చింది. నేను అక్కడ మూడేళ్లు ఉండి వచ్చాను కాబట్టి నిన్న రాత్రి తనకి చెప్పినవే మీకూ రాస్తున్నా.

ముందు ఇల్లు. ఇక్కడిలా అయిదారు నెలల అడ్వాన్స్ అడగరు, మామూలుగా రెండు నెలల డిపాజిట్, ఒక నెల అద్దె ముందుగా కడితే చాలు. కానీ సంతకం పెట్టేముందు కరెంటు యూనిట్‌కి ఎంతో తప్పకుండా అడగండి, ఎందుకంటే కొందరు ఓనర్లు ప్రభుత్వ రేటు కంటే ఎక్కువ వేస్తారు, ఏసీ లేకుండా నిద్ర పట్టని ఊళ్లో ఆ తేడా నెల తిరిగేసరికి బాగా తెలుస్తుంది. నేను అడగలేదు. మొదటి బిల్లు చూసి ఆ రాత్రంతా టెన్షనే. తాళం చేతికొచ్చిన రోజే మీటర్ ఫోటో తీసి పెట్టుకోండి.

మన కార్డుతో ఏటీఎంలో తీస్తే చాలా బ్యాంకులు ప్రతిసారీ 200 థాయ్ బాట్ల పైనే పట్టుకుంటాయి, కాబట్టి తీసేదేదో ఒకేసారి తీయండి. అక్కడ ఖాతా తెరిచాక ప్రాంప్ట్‌పే ఉంది, మన యూపీఐ లాంటిదే, నూడుల్స్ బండి దగ్గర కూడా నడుస్తుంది.

90 రోజులకోసారి ఇమిగ్రేషన్‌కి అడ్రస్ రిపోర్ట్ ఇవ్వాలి, ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఇక్కడి సేవింగ్స్ ఖాతాని ఎన్‌ఆర్‌ఓగా (విదేశాల్లో ఉండేవాళ్లకి ఇక్కడి బ్యాంకులో ఉండే ఖాతా) మార్చమని బయల్దేరే ముందే బ్యాంకులో అడగండి.