కొత్త బ్యాటరీ వేసినా కారు సెల్ఫ్ కొట్టట్లేదా? నా అనుభవం

పొద్దున్నే సెల్ఫ్ కొడితే టిక్‌టిక్‌మని ఆగిపోవడం, లేదా ఇంజన్ మూలుగుతూ ఒకటి రెండు చుట్లు తిరగడం. హన్మకొండలో వానాకాలమంతా నాకు ఇదే టెన్షన్. బ్యాటరీ మార్చాను, టెర్మినల్స్ గీకాను, స్టార్టర్ సర్వీసు చేయించాను, ఏదీ పనిచేయలేదు.

చివరికి దారి చూపింది వోల్టేజీ కొలిచే మల్టీమీటర్. గేరు న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, మీటర్‌ను 20 వోల్టుల డీసీకి తిప్పాను. ఒక ప్రోబ్ (మీటర్ వైరు చివరి ముల్లు) బ్యాటరీ నెగెటివ్ పోస్ట్ మీద, వైరును బిగించే క్లాంప్ మీద కాదు, సీసం పోస్ట్ మీదే పెట్టాలి. ఇంకోటి ఇంజన్ మీద పెయింట్ లేని చోట. తమ్ముడు సెల్ఫ్ కొట్టగానే 1.4 వోల్టులు చూపించింది, అంటే దారిలో అంత వోల్టేజీ పోతోంది. అర వోల్టు దాటితే అనుమానించాల్సిందే. అదే ప్రోబ్ బాడీకి ఆనిస్తే 0.1. అంటే బాడీకీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉన్న ఎర్త్ పట్టీలోనే (ఇంజన్ నుంచి కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే పట్టీ) లోపం.

ముందు బ్యాటరీ నెగెటివ్ విప్పాను. పైకి పట్టీ బాగానే ఉంది. బోల్టు తీస్తే వాషర్ కింద ఆకుపచ్చ చిలుము, గేర్‌బాక్స్ వైపు తెల్లటి పొడి. పట్టీ చివర్లు, అది ఆనే చోటు ఎమెరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్దాను. గట్టిగా బిగించాకే పైన వాజలీన్ పూశాను. మళ్లీ కొలిస్తే 0.15. ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్!

రెండు నెలలుగా ఇబ్బంది లేదు. అయితే మీ కారులో లోపం పాజిటివ్ కేబుల్‌లోనో స్టార్టర్‌కు కరెంటు కలిపే స్విచ్ అయిన సోలెనాయిడ్‌లోనో ఉండొచ్చు. కొలవకుండా మాత్రం ఏదీ మార్చకండి.